తాళ్ళకు హైమ వేసిన ముళ్ళు

గంట మోగింది. హైమ కూర్చున్న చోటు నుంచి కదలలేదు. ఆ గంట వాళ్ళది కాదు, మూడో అంతస్తు బర్మా ఆవిడ డా టిన్ గారిది.

కాసేపటికి ఇంకో గంట. అదీ వాళ్ళది కాదు. రెండో అంతస్తుది.

ఉదయం నుంచి గంట గంటకీ గంటలే! మేడలో అందరి గంటలూ మోగుతున్నాయి. ప్రతి గంట వెనకా ఒకటే పేరు వినిపిస్తోంది.

"తారా! రెండు కట్టలు పెట్టవే!"

"తారా! నాకొకటి!"

హైమ చెవులు మూసుకుంది. మూసిన చెవుల్లోంచి కూడా తార దూరింది.

యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, పజుండౌంగ్ వీధుల్లో, పాత మేడలకు లిఫ్టులుండవు. తాళ్ళుంటాయి. ప్రతి ఇంటి బాల్కనీ నుంచి ఒక తాడు వీధిలోకి వేలాడుతుంది. కింది కొసకు ఒక క్లిప్పు, పై కొసకు ఒక గంట. పేపరు అబ్బాయి, కూరగాయల అమ్మి, చుట్టపు చూపుగా వచ్చిన మేనత్త, ఎవరైనా సరే, కింద నిలబడి తాడు లాగుతారు. పైన గంట మోగుతుంది. పైవాళ్ళు తొంగి చూస్తారు. సరుకు క్లిప్పుకు తగిలించి పైకి లాక్కుంటారు, డబ్బులు క్లిప్పుకు తగిలించి కిందికి వదులుతారు. కాళ్ళకు పని లేదు. పనంతా తాడుదే.

ఈ తాళ్ళకో మర్యాద ఉంది. తాడు వేలాడుతుంటే, 'ఇంట్లోనే ఉన్నాం, పిలవండి' అని అర్థం. తాడు పైకి లాగేసి ఉంటే, 'ఏమీ వద్దు' అనో, 'ఊళ్ళో లేం' అనో అర్థం. తాడు లేని బాల్కనీ కింద ఎవరూ ఆగరు. పిలవరు కూడా.

అసలు ఆ వీధిలో గట్టిగా పిలవడమే తగ్గిపోయింది. పోయిన ఏడాది భిక్షువులూ జనమూ రోడ్ల మీదికి వచ్చి ఊరేగినప్పటి నుంచి, వీధి చివర సైనికుల లారీ ఒకటి నిలబడి ఉంది. అయిదుగురు ఒకచోట చేరితే 'ఏమిటి సంగతి?' అని వస్తారు. అందుకని నోళ్ళు నెమ్మదించాయి. గంటలే గలగల్లాడుతున్నాయి.

అలాంటి వీధి మీదికి కిందటి వారం తుఫాను వచ్చింది. దాని పేరు నర్గీస్. పేరు పువ్వుది, పని పులిది! రాత్రంతా గాండ్రించి, తెల్లారేసరికి రేకులు ఎగరేసి, తీగలు తెంపేసి పోయింది. వీధి మొదట్లో ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. ఎన్నేళ్ళో నిలబడి నిలబడి ఉందేమో, ఆ రాత్రి తన పేరు నిలబెట్టుకుంటూ పడుకుంది. ఇక లేవలేదు.

కరెంటు పోయింది. కరెంటుతో పంపు పోయింది. పంపుతో నీళ్ళు పోయాయి. కరెంటు పొయ్యిలు చల్లబడ్డాయి. బజార్లో బొగ్గు ధర మాత్రం వేడెక్కింది. బర్మా భాషలో కరెంటును 'మీ' అంటారు. కరెంటు వచ్చినప్పుడల్లా పిల్లలు 'మీ లాబీ!' అని కేకలు వేస్తారు. ఇప్పుడా కేక ఎక్కడా లేదు. 'మీ' లేదు, మాకూ లేదు!

సేక్కాన్ రేవులో పడవలు మునిగాయి. అక్కడ పనిచేసే హైమ నాన్న అచ్చెన్నకు పని లేదు. ఇండియాలో ఉన్న పెద్దమ్మకు ఫోను కలవడం లేదు. అక్కడివాళ్ళకు వీళ్ళున్నారో లేదో తెలియదు. ఇక్కడివాళ్ళకు రేపేమిటో తెలియదు.

ఇంత జరిగినా తారకు మాత్రం ఏం చెయ్యాలో తెలిసింది! హైమకు మండింది అక్కడే.

తార వాళ్ళది నేల అంతస్తు. వాళ్ళ నాన్న శంకర్ సైకా తొక్కుతాడు. సైకా అంటే సైకిలు పక్కన రెండు సీట్లు బిగించిన మూడు చక్రాల బండి. తుఫాను మర్నాడు పెద్దలు పడిపోయిన చెట్టును రంపాలతో కోసి దారి చేశారు. లావు దుంగలు ఎవరో పట్టుకుపోయారు. సన్న కొమ్మలు ఎవరికీ అక్కర్లేక రోడ్డు పక్కనే పడి ఉన్నాయి.

తార వాటిని ఏరింది. ఎగిరొచ్చి సందులో పడిన రేకు ఒకటి ఈడ్చుకొచ్చింది. దాని మీద కొమ్మలు పరిచి, ఎండ ఎటు తిరిగితే అటు తిప్పి, ఎండబెట్టింది. చిన్న చిన్న కట్టలు కట్టింది. ప్రతి కట్టలో, పాత సైకా ట్యూబు నుంచి కోసిన రబ్బరు ముక్క ఒకటి పెట్టింది. ముందు రబ్బరు అంటిస్తే చాలు, కట్టెలు ఇట్టే రాజుకుంటాయి.

అంతే! తార బేరం తారాస్థాయికి వెళ్ళింది.

"సూడవే, ఆ తారని సూడు," అంది హైమ అమ్మ సూర్యావతి, పొయ్యి ఊదుతూ. "పడిపోయిన సెట్టు మనందరికీ అడ్డం. దానికేమో బేరం! ఎంత బుర్రే ఆ పిల్లకి!"

మేడ మొత్తం మీద కరెంటు లేకుండా, బొగ్గు లేకుండా, కట్టెలు లేకుండా భగభగ మండుతున్నది ఒక్కటే ఒక్కటి. హైమ కడుపు.

మర్నాడు హైమ కూడా కొమ్మలు ఏరింది. తార కంటే ఎక్కువ ఏరింది. తార కంటే లావు కట్టలు కట్టింది. ఎండబెట్టడం మాత్రం మరిచిపోయింది. మరిచిపోయిందని చెప్పడం మర్యాద. నిజానికి ఆగలేకపోయింది. ఎండబెడుతూ కూర్చుంటే తార ఇంకెన్ని అమ్మేస్తుందో!

మొదటి కట్ట డా టిన్ గారు లాక్కున్నారు. హైమ వీధిలో నిలబడి గర్వంగా పైకి చూసింది. తొందరలోనే బాల్కనీలోంచి పొగ వచ్చింది. తర్వాత దగ్గు వచ్చింది. ఆ తర్వాత కట్టే వచ్చింది, తాడు మీద దిగుతూ, మసి పూసుకుని, ఊగుతూ ఊగుతూ.

"హైమా!" కళ్ళు తుడుచుకుంటూ తొంగి చూశారు డా టిన్ గారు. "ఇది వంటకా, దోమలకా?"

వీధిలో ఉన్నవాళ్ళు నవ్వారు. హైమకు పొగ తప్ప పొగడ్త దక్కలేదు.

తార నవ్వలేదు. దగ్గరికొచ్చి కట్టెను గోటితో గీకి చూసింది.

"పచ్చిదే ఇది. ఎండబెట్టాల. మా రేకు మీద ఆ మూల ఖాళీగా ఉన్నాది. నీవి కూడా పెట్టుకో. తిప్పడం నాను సూపిత్తాను."

తార వెక్కిరించి ఉంటే హైమ తిట్టి ఊరుకునేది. తార మంచిగా మాట్లాడింది. అదే తట్టుకోలేకపోయింది.

"నీ రేకు నువ్వే ఉంచుకో! నాకేటక్కర్లేదు!" అని విసవిసా మెట్లెక్కి పోయింది.

ఆ మధ్యాహ్నం సూర్యావతి గుడి బావి దగ్గర నీళ్ళ వరసలో నిలబడటానికి వెళ్ళింది. అచ్చెన్న పని వెతుక్కుంటూ పోయాడు. హైమ ఒక్కతే బాల్కనీలో కూర్చుంది. తారతో తాడో పేడో తేల్చుకోవాలి అనుకుంది. పేడంటే ఏమిటో తెలియదు. తాడు మాత్రం కళ్ళ ముందే ఉంది.

ఒకటి కాదు. హైమ వాళ్ళది మొదటి అంతస్తు. పై ఇళ్ళ తాళ్ళన్నీ వాళ్ళ బాల్కనీ ముందు నుంచే కిందికి దిగుతాయి. చెయ్యి చాపితే అందుతాయి.

హైమ చెయ్యి చాపింది.

పైన గంట మోగకుండా మెల్లగా, ఒక్కొక్క తాడు కొసను కింది నుంచి పైకి లాక్కుంది. బాల్కనీ కమ్మీకి గట్టిగా ముడివేసింది. ఒక ముడి మీద ఇంకో ముడి. కింది నుంచి కనబడకుండా తడి దుప్పటి ఒకటి అడ్డంగా ఆరేసింది.

పడమటికి మళ్ళిన ఎండలో తార కట్టలు మోసుకొచ్చింది. పైకి చూసింది. ఒక్క తాడూ లేదు.

"అందరూ లాగేసుకున్నారేటి?" అనుకుంది పైకే.

కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత కట్టలు నెత్తిన పెట్టుకుని, చీకటి మెట్ల వైపు నడిచింది. ఒక్కో అంతస్తూ ఎక్కి తలుపులు తట్టింది. రెండు కట్టలు మిగుల్చుకుని, ఆయాసపడుతూ దిగి వచ్చింది.

దుప్పటి వెనక నుంచి హైమ అంతా చూసింది. చీకటి పడ్డాక ఇల్లు చేరిన అమ్మానాన్నలకు ముళ్ళు కనబడలేదు. ఆ పూట అన్నం చాలా రుచిగా తిన్నది.

మర్నాడు పొద్దున గుడి నుంచి జోగి మావ వచ్చాడు. తుఫాను తర్వాత గుడిలో రోజూ గంజి కాస్తున్నారు. నడవలేని ముసలివాళ్ళకు జోగి మావ ఇంటింటికీ తిరిగి ఇస్తాడు. గంజి కేరియరూ, నీళ్ళ డబ్బా ఈ మేడ దగ్గర ఒకరి కోసమే తెస్తాడు. అన్నిటికంటే పై అంతస్తు తులసమ్మ మామ్మ కోసం. మామ్మకు మోకాళ్ళు పనిచెయ్యవు. మామ్మకు కాళ్ళూ, చేతులూ, బజారూ, బావీ అన్నీ ఆ తాడే.

జోగి మావ పైకి చూశాడు. తల గోక్కున్నాడు.

"తాడు నేదేటి? మనవరాలింటికి ఎల్లిపోనాది గావాల," అని తనలో తనే అనుకుని, కేరియరు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

దుప్పటి వెనక హైమ నోరు తెరిచింది. 'మామ్మ ఇంట్లోనే ఉంది మావా' అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. కానీ చెబితే 'మరి తాడేదే?' అంటాడు. హైమ నోరు మూసుకుంది.

అప్పుడు కమ్మీ మీద ఏదో కదిలింది.

హైమ చూసింది. ముడి. ఆ చివరిది. అది టక్కున బిగిసింది. వదులైంది. మళ్ళీ బిగిసింది.

'గాలి,' అనుకుంది హైమ.

పక్కనే ఉన్న దుప్పటి వైపు చూసింది. దుప్పటి కదలడం లేదు. ముడి మాత్రం కదులుతోంది.

హైమకు ఆ తాడు ఎవరిదో తలెత్తి చూడకుండానే తెలిసిపోయింది. పైన, బాల్కనీ అంచున, ఒక ముసలి చెయ్యి తాడు లాగుతోంది. తాడు రావడం లేదు. మళ్ళీ లాగుతోంది. నిన్న మధ్యాహ్నం నుంచీ లాగుతూనే ఉందేమో. నిన్న హైమ రుచిగా అన్నం తింటున్నప్పుడు కూడా.

ఒక్క గెంతులో వెళ్ళి ముడి పట్టుకుంది. రాలేదు. రాత్రి తడికి తాడు ఉబ్బింది, పై నుంచి లాగిన లాగుడికి ముడి రాయిలా బిగిసింది. గోళ్ళతో లాగింది. పళ్ళతో లాగింది. వెయ్యడానికి నిమిషం పట్టని ముళ్ళు, విప్పబోతే నిజం ముళ్ళలాగే వేళ్ళలో గుచ్చుకున్నాయి.

ఇంతలో తాడు కదలడం ఆగిపోయింది.

హైమ చూస్తూ నిలబడింది. ఇంకొక్కసారి కదులుతుందేమోనని చూసింది. కదలలేదు. కదులుతున్నప్పటి కంటే ఇప్పుడే ఎక్కువ భయం వేసింది.

ముడి అలాగే వదిలేసింది. వంటింట్లో అమ్మ కాచి దాచిన నీళ్ళ చెంబు పట్టుకుని మెట్ల మీదికి పరుగెత్తింది.

మెట్ల మీద పగలే చీకటి. గోడ తడుముకుంటూ ఎక్కింది. రెండో అంతస్తు. మూడో అంతస్తు. ఆ పై మలుపులో కాలికి మెత్తగా ఏదో తగిలింది.

"ఎవులది?" అంది చీకటి.

"మామ్మా! నేను, హైమని!"

తులసమ్మ మామ్మ మెట్టు మీద కూలబడి ఉంది. ఒళ్ళో ఖాళీ డబ్బా. కూర్చుని కూర్చుని, ఒక్కో మెట్టూ జారుతూ అంత దూరం దిగింది. ఇక కిందికి దిగలేదు, పైకి ఎక్కలేదు.

"నీల్లేటమ్మా అవి?" చెంబు చప్పుడు విని అడిగింది.

హైమ చెంబు నోటికి అందించింది. మామ్మ తాగుతూనే ఉంది. చెంబు సగమైంది. ఆ గుటకలు లెక్కపెట్టే ధైర్యం హైమకు లేకపోయింది.

"తాడు సిక్కడిపోనాదే," అంది మామ్మ మూతి తుడుచుకుని. "నిన్నటికాడి నుంచి లాగుతున్నాను. గాలికి ఏటికో తగులుకున్నాది గావాల."

చీకట్లో హైమ ముఖం కనబడదు. గాలి అని ఒప్పుకుంటే సరిపోయేది. ఊరంతా పాడుచేసిన గాలి, ఇంకో తప్పు నెత్తిన వేస్తే కాదంటుందా?

"గాలి కాదు మామ్మా," అంది హైమ. "నేను. మా కమ్మీకి కట్టేశాను."

మామ్మ ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పింది.

"నువ్వా? ఎందుకే?"

"తార కట్టెలు అమ్ముడుపోకూడదని."

"నాను కట్టెలు కొననుకదే, నాకు పొయ్యే నేదు."

హైమ ఏడ్చేసింది. మామ్మ తడుముకుని ఆమె భుజం మీద చెయ్యి వేసింది, ఓదార్చడానికి కాదు, లేవడానికి.

"ఏడుపు తరవాత. ముందు నన్ను మీదికెక్కించు. ఎక్కినాక తిడతాను. ఇప్పుడు ఊపిరి నేదు."

ఎక్కాక నిజంగానే తిట్టింది. మంచం మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, హైమ వాళ్ళ ముత్తాతల దాకా తిట్టింది. హైమ అన్నీ విని, చెంబు మామ్మ పక్కన పెట్టి, కిందికి పరుగెత్తింది.

జోగి మావ పక్క వీధి మలుపు తిరుగుతున్నాడు. వెనక నుంచి చొక్కా పట్టుకుని ఆపింది.

"మామ్మ ఇంట్లోనే ఉంది మావా! పద, తొందరగా!"

"మరి తాడేదే?"

"నేను కట్టేశాను."

జోగి మావ ఏదో అనబోయాడు. గీసుకుపోయిన హైమ వేళ్ళ వైపు చూసి, కేరియరు మోసుకుంటూ వెనక్కి నడిచాడు.

హైమ బాల్కనీలోకి వచ్చింది. ముందు దుప్పటి తీసేసింది. ఇప్పుడు వీధిలోకి అంతా కనబడుతుంది. వీధికీ అంతా కనబడుతుంది. ఇనప గరిటె కాడ ముళ్ళలోకి దూర్చి, ఒక్కొక్కటీ వదులు చేసి విప్పింది. తాళ్ళు ఒకటి తర్వాత ఒకటి వీధిలోకి జారాయి. పైన గంటలు అదిరిపడి మోగాయి.

కింద రేకు దగ్గర కట్టెలు తిప్పుతున్న తార తలెత్తింది. తాళ్ళను చూసింది. కమ్మీ దగ్గర ఉన్న హైమను చూసింది.

"నువ్వా?" అంది.

హైమ తల ఊపింది.

"నిన్న మెట్లన్నీ ఎక్కినాను. చీకట్లో పడ్డాను. ఇదిగో మోకాలు సూడు!" తార దోక్కుపోయిన మోకాలు చూపించింది. "నాను రేకిత్తానంటే తాళ్ళు కట్టేత్తావా?"

"తప్పు చేశాను తారా."

"నీతో మాట్లాడను పో!"

తార వెనక్కి తిరిగింది. అంతలో ఆకాశం మధ్యలో దూరింది. నదివైపు నుంచి నల్ల మబ్బు ఒకటి గబగబా వస్తోంది. మొదటి చినుకు రేకు మీద టంగుమంది.

తార ప్లాస్టిక్ పట్టా పరిచింది. గాలి లేపేసింది. మళ్ళీ పరిచి రాయి పెట్టింది. రెండో వైపు లేచింది. ఆమె ఇంట్లో చోటు లేదు. తుఫానుకు నేల అంతస్తులోకి వచ్చిన నీళ్ళు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఇన్నాళ్ళ ఎండబెట్టుడూ ఒక్క వానకు పచ్చిదైపోయేలా ఉంది.

నిన్నటి హైమ అయితే ఈ వానకు దండం పెట్టుకునేది.

ఇవాళ్టి హైమ తమ ఇంటి తాడు కిందికి వదిలింది. క్లిప్పు సరిగ్గా రేకు పక్కన వాలింది.

"మా బాల్కనీ మీద పైన స్లాబు ఉంది. కట్టలు తడవవు. తగిలించు!"

తార క్లిప్పు వైపు చూసింది. పైకి చూసింది. చినుకులు పెరిగాయి. పెదవి కొరుక్కుంది. ఒక కట్ట తగిలించింది.

హైమ లాగింది. ముళ్ళు విప్పిన వేళ్ళు మంట పెట్టాయి. లాగింది. కట్ట దించి తాడు వదిలింది. మళ్ళీ కట్ట. మళ్ళీ తాడు. బాల్కనీలో ఓ గోడ వారగా కట్టెలు పేరుకున్నాయి.

అప్పుడే సూర్యావతి నీళ్ళ బిందెతో, వానలో తడుస్తూ ఇల్లు చేరింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒలమ్మో! ఏటే ఇన్ని కట్టెలు!" ఒకటి తీసి విరిచి చూసింది. అది ఫట్‌మని విరిగింది. "ఎంత బాగా ఎండినాయే! నువ్వే సేసినావా హైమా? మా అమ్మే!"

వారం రోజులుగా హైమ ఎదురుచూసిన మెప్పు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. తడిసిన చీరలో, పెద్ద నవ్వుతో, ఎదురుగా నిలబడింది. ఊరుకుంటే చాలు, హైమదే.

"నావి కావమ్మా," అంది హైమ గట్టిగా, కింది దాకా వినబడేలా. "తారవి. ఎంత తిప్పితే ఇంత బాగా ఎండుతాయో దానికే తెలుసు. నావి దోమలకు పనికొచ్చేవి. ఇంకా చాలా ఉంది నీకు చెప్పాల్సింది. తర్వాత తిడుదువుగాని."

సూర్యావతి బిందె దించి తెల్లబోయి చూసింది.

కింది నుంచి తార గొంతు వచ్చింది. కోపం పోని గొంతే. వానను మించిన గొంతు.

"కబుర్లు తరవాత సెప్పొచ్చు! తాడొదులు! ఇంకా రెండు కట్టలున్నాయి, తడిసిపోతన్నాయి!"

హైమ తాడు వదిలింది.